ఆ రోజు కరెంటు పోలేదు

"మీరేనా అండీ, బందరు బేసుబాలు?"

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం ఫోన్లో ఒకావిడ అడిగిన మాట ఇది. రాంగ్ నంబరనుకుని పెట్టేయబోయాను. ఆవిడ గబగబా అందుకుంది. "మా ఆయన ఫోన్లో మీ నంబరు ఆ పేరుతో ఉందండీ. అవనిగడ్డ అవతల లాకుల దగ్గర లస్కరుగా చేసేవారు. శనివారం శనివారం బందరొచ్చి మీ కొట్లో టీవీ ఆట ఆడుకునేవారు కదండీ."

లాకుల బాబాయ్! మా పార్లర్‌లో అందరం ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళం. కాలువ లాకుల దగ్గర షట్టర్లు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. ఆయన పోయి అప్పటికే నలభై రోజులు దాటిందట. నాకు కబురు చెయ్యాలని ఎవరికీ తట్టలేదట. ఆవిడ అందుకు నన్నే క్షమాపణ అడిగింది. తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"పింఛను కాగితాల కవర్లో ఒక పేపరు ముక్క దొరికిందండీ. పైన మీ ఫొటో ఉంది. బ్యాటు ఊపడం రాని పెద్దమనిషి ఒకాయన, ఓడిపోతుంటే కరెంటు పోయి పరువు దక్కించుకున్నాడని రాశారు. అది మా ఆయన గురించేనా?"

"అవునండీ."

"నిజంగా ఓడిపోయేవారేనా మరి? ఊరికే అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. నేను ఎన్నిసార్లడిగినా 'మంచి ఆటే, కరెంటు పోయింది' అనేవారు. ఇంకో ముక్క చెప్పేవారు కాదు."

ఒకసారి వచ్చి కలుస్తానని చెప్పి ఫోను పెట్టేశాను. ఆవిడ అడిగింది అవునా కాదా అన్న చిన్న ప్రశ్న. అది కూడా చెప్పలేకపోయాను.

పది పన్నెండేళ్ళ కిందటి మాట. ఫోన్లలో ఆటలు అప్పటికింకా ఇంతగా రాలేదు. బందరు కోనేరు సెంటరుకి కాస్త ఇవతల ఒక మేడ మీద గదిలో నాకు వీడియోగేమ్ పార్లర్ ఉండేది. నాలుగు టీవీలు, నాలుగు గేమ్ బాక్సులు, మధ్యలో ఒక సీలింగ్ ఫ్యాను. కింద కొట్లో మా రఫీ సెల్‌ఫోన్లు రిపేరు చేసేవాడు. పని లేనప్పుడల్లా పైకొచ్చి అందర్నీ ఏడిపించేవాడు. ఓనర్ని కాబట్టి రోజంతా ఆడేవాణ్ణి. రోజంతా ఆడేవాణ్ణి కాబట్టి అన్నిట్లోనూ నేనే ఛాంపియన్ని. గోడకి తగిలించిన అట్టముక్క మీద ఆ సంగతి నేనే స్కెచ్ పెన్నుతో రాసుకున్నాను.

బాబాయ్ మొదటిసారి ఆట కోసం రాలేదు, వానకి వచ్చాడు. ఏదో ఆఫీసులో కాగితం ఇచ్చి బస్టాండుకి వెళ్తూ తడిసిపోయి మెట్ల కింద నిలబడితే రఫీ పైకి పంపాడు. గుమ్మం బయట చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. మా పార్లర్‌లో చెప్పులు విప్పి వచ్చిన మనిషి మొదటా చివరా ఆయనొక్కడే. మూడు టీవీల ముందు కుర్రాళ్ళు క్రికెట్టూ తుపాకులూ ఆడుతున్నారు. నాలుగోదాని ముందు నేనూ రఫీ బేస్‌బాల్ పెట్టుకుని కూచున్నాం.

బేస్‌బాల్ మాకెలా దొరికిందో చెప్పాలి. విజయవాడలో పాత డిస్కులు కట్టగా కొంటే అందులో రెండు వచ్చాయి. రెండు కంపెనీలు ఒకదాని మీద ఒకటి పోటీగా చేసిన ఆటలవి. ఒకదాని అట్ట ఎరుపు, దాని మీద బ్యాటు ఊపుతున్న మనిషి. రెండోది నీలం, బంతి పట్టుకుని కళ్ళు చిట్లించి చూస్తున్న మనిషి. రూల్సు మాలో ఎవరికీ తెలియవు. క్రికెట్ తెలుసు కదా, ఇదీ అలాంటిదేలే అని ఆడేసేవాళ్ళం. నీలం ఆటలో మాత్రం అప్పుడప్పుడూ ఒక వింత జరిగేది. బ్యాటర్ కొట్టకుండానే బ్యాటు పక్కన పడేసి పరుగు కోసం చుట్టి రావాల్సిన మూడు బేసుల్లో మొదటిదాని వైపు తాపీగా నడిచి వెళ్ళిపోయేవాడు. డిస్కు మీద గీత పడిందనుకునేవాళ్ళం. ఆట ఆపేసి, డిస్కు తీసి, పాత బనీను గుడ్డతో మధ్య నుంచి అంచుకి జాగ్రత్తగా తుడిచి, మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టేవాళ్ళం.

వాన వెలిసేదాకా కూచున్న బాబాయ్, మేం రెండుసార్లు డిస్కు తుడవడం చూశాడు. మూడోసారి నేను లేవబోతుంటే, "ఓనరుగారూ, ఒక్క మాటండీ" అన్నాడు. "గీత కాదేమోనండీ. గీతయితే ఒక్కోసారి ఒక్కోచోట ఆగాలి కదా. వాడు నాలుగు బంతులు బయటికి పోయాకే నడుస్తున్నాడు. మూడుసార్లూ అంతేనండీ."

నిజమే. బ్యాటర్ కొట్టకుండా వదిలేసిన బయటి బంతులు నాలుగయితే అతనికి మొదటి బేసు ఉచితం. ప్రపంచమంతటికీ తెలిసిన ఆ రూలు బందరులో కాలువల లస్కరు కనిపెట్టాడు.

రఫీ పడీపడీ నవ్వాడు. "అట్ట మీద పేరు మార్చు బావా! ఛాంపియన్‌వి నువ్వు, రూలేమో లాకుల బాబాయ్ చెప్పాలా?"

ఆ పేరు అలా వచ్చింది. అసలు పేరు అడిగామో లేదో నాకు గుర్తు లేదు. నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడు. అయినా నేను 'నువ్వు' అనేవాణ్ణి, ఆయన నన్ను 'మీరు' అనేవాడు. అప్పట్లో అది నాకు తప్పుగా తోచలేదు.

ఆ తర్వాత ప్రతి శనివారం మధ్యాహ్నం వచ్చేవాడు. తేగల కాలమైతే చేతిలో ఒక కట్ట ఉండేది. ఉడకబెట్టినవే తెచ్చి అందరికీ తలా ఒకటి ఇచ్చేవాడు. ఆడేముందు భుజం మీది తువ్వాలుతో రెండు చేతులూ తుడుచుకునేవాడు. రిమోట్‌ని వేడి టీ గ్లాసు పట్టుకున్నట్టు అంచుల్లో పట్టుకునేవాడు. స్టూలు మీద సగమే కూచునేవాడు, ఎవరైనా వస్తే లేచి చోటివ్వాలన్నట్టు. బంతి బయటికి పోతోందని తోస్తే బ్యాటు కదిపేవాడు కాదు. పెదవుల్లోనే "పోనీ" అనుకునేవాడు. వికెట్లకి వచ్చిన బంతిని క్రికెట్లో వదిలేస్తే ఎంత తిడతామో, మా కుర్రాళ్ళు ఆయన వదిలిన ప్రతి బంతికీ అంత గోల చేసేవాళ్ళు.

"బాబాయ్, ఆ బ్యాటు అద్దెకి తెచ్చావా ఏంటి, అరిగిపోతుందని దాస్తున్నావు?" అనేవాడు రఫీ.

"మంచి బంతి రానివ్వండి రఫీగారూ, వాడదాం."

ఒక్కోసారి వదిలేసిన బంతి లోపలిదై ఔటయ్యేవాడు. అప్పుడు డిస్కునీ రిమోట్‌నీ తిట్టేవాడు కాదు. "నాదే తప్పు. మంచిది వదిలేశా" అని రిమోటు పక్కవాడికిచ్చేసేవాడు.

ఎర్ర ఆటా నీలం ఆటా ఏది గొప్పదన్న తగువు మా దగ్గర ఏడాదంతా నడిచింది. కుర్రాళ్ళంతా ఎర్రది. అందులో ఒక బటన్ సమయానికి నొక్కితే చాలు, బంతి స్టేడియం దాటిపోతుంది, ఆకాశంలో బాణాసంచా పేలుతుంది. క్యాచులు వాటంతటవే పడతాయి. ఇరవై నిమిషాల్లో పధ్నాలుగు పదకొండు స్కోరుతో ఆట అయిపోతుంది. నీలం ఆటలో బంతి ఎక్కడికొస్తుందో ఊహించి బ్యాటుని అక్కడికి జరపాలి, అప్పుడు ఊపాలి. బంతి చివరి క్షణంలో వంగుతుంది. ఫీల్డరు ఎటు విసరాలో మనమే చెప్పాలి. గంటసేపు ఆడినా పరుగు రాని రోజులుండేవి.

బాబాయ్ రెండూ సమానంగా ఆడి చూసేవాడు. ఒక శనివారం ఎర్రది, ఒక శనివారం నీలంది. ఒకసారి టీవీ సౌండు పూర్తిగా తీసేయమన్నాడు. "చప్పట్లు లేకపోతే ఏది బాగుంటదో చూద్దామండీ" అన్నాడు. సౌండు తీశాక ఎర్ర ఆట పది నిమిషాల్లో విసుగొచ్చింది. ఆ మాట నేను బయటికి ఒప్పుకోలేదు.

"ఎర్రదాంట్లో బంతి మన దగ్గరికే వస్తదండీ, కొట్టించుకోడానికి" అన్నాడాయన. "వదిలేసినా లోపలిదే అంటాడు అంపైరు. వదిలేసేవాడంటే వాడికి గిట్టదు. నీలంవాడు అలా కాదు. వదిలేసినా ఆడినట్టే లెక్క."

ఇంకొకటి కూడా ఆయనే చూశాడు. నీలం ఆటలో బంతి వేసే పిచ్చరు అలిసిపోతాడు. తెరమీద ఎక్కడా ఆ సంగతి రాయరు. "ఎనభై బంతులు దాటాక వాడి కుడి భుజం చూడండి. రవ్వంత కిందకి దిగుద్ది. అక్కణ్ణించి వాడు అనుకున్నచోట వెయ్యలేడు." వేళ్ళ కణుపుల మీద బంతులు లెక్కపెట్టి మరీ చూపించాడు. ఆ డిస్కు అరిగేలా ఆడిన నాకు ఆ భుజం ఎప్పుడూ కనబడలేదు.

ఒకసారి నాగాయలంకలో పెళ్ళికి వెళ్తూ ఆయన లాకుల దగ్గర బండి ఆపాను. నారుమళ్ళ రోజులు. కాలువకి కొత్తనీరు అప్పుడే వచ్చింది. గట్టు మీద ఇరవైమంది రైతులు ఆయన్ని చుట్టుముట్టి అరుస్తున్నారు. "ఎత్తవయ్యా షట్టరు! నీళ్ళు కళ్ళముందు పెట్టుకుని చూస్తావేంటి?" ఆయన కొలత గీతలున్న రాయి వంకే చూస్తూ నిలబడ్డాడు. "ఇప్పుడెత్తితే దగ్గర చేలే తాగేస్తాయండీ. ఇంకో జానెడు నిండనివ్వండి, చివరిదాకా పోద్ది." ఒకాయన బూతు మాట అన్నాడు. బాబాయ్ పెదవులు 'పోనీ' అన్నట్టు కదిలాయి. నేను అరగంట నిలబడ్డాను. ఆయన షట్టరు ఎత్తనేలేదు. నాకు పెళ్ళికి ఆలస్యమై వచ్చేశాను. ఆ సాయంత్రం చివరి చేలకి నీళ్ళందాయని తర్వాత ఎవరో చెప్పారు.

ఇక ఆ శనివారం సంగతి.

మా ఇద్దరికీ నీలం ఆటలో ఫైనల్ అని రఫీ నాలుగు రోజుల ముందునుంచీ ఊదరగొట్టాడు. గది నిండా కుర్రాళ్ళు. రఫీ కొట్టు మూసేసి మరీ వచ్చాడు. ఎనిమిది ఇన్నింగ్స్‌లు ఇద్దరికీ పరుగు లేదు. ఆఖరిదైన తొమ్మిదో దాంట్లో నాదీ అయిపోయింది, సున్నా. చివరి బ్యాటింగ్ ఆయనది. ఒక్క పరుగొస్తే ఆట ఆయనది.

నా ఆటకి ఒక కిటుకు ఉండేది. బంతి కాస్త బయటికి వేసి ఊరించేవాణ్ణి. మా పార్లర్‌లో ఊపకుండా ఉండగలిగిన కుర్రాడు లేడు, ఊపి ఔటయ్యేవాళ్ళు. నా ఛాంపియన్ గిరీ అంతా దాని మీదే నడిచింది. బాబాయ్ మొదటి బ్యాటర్‌తో నాలుగూ వదిలేశాడు. వాడు నడిచి వెళ్ళాడు. రెండోవాడూ అంతే.

అప్పుడాయన నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "ఓనరుగారూ, మీవాడి భుజం దిగిపోయిందండీ. వాణ్ణి మార్చుకోండి."

ఆటలో ఎదుటివాడికి ఎవరైనా ఆ మాట చెబుతారా? ఆయన చెప్పాడు. నేనేమన్నానో కూడా రాస్తాను. "నీ ఆట నువ్వు చూసుకో బాబాయ్. కొట్టడం చేతకాదుగానీ సలహాలా?"

కుర్రాళ్ళు ఈలలేశారు. ఆయన తెర వైపు తిరిగాడు. మూడోవాడు కూడా నడిచాడు. మూడు బేసులూ నిండాయి. ఇంకొకడు నడిస్తే అందరూ ఒక్కో బేసు ముందుకి జరగాలి, మూడో బేసువాడు ఇంటికి, అంటే బ్యాటర్ నిలబడే పలక దగ్గరికి రావాలి. అది పరుగు. నాలుగోవాడికి నేను ఊరించడం మానేశాను. నిజంగానే మధ్యకి వేద్దామని గురిపెట్టి వేశాను. పిచ్చరు వెయ్యలేకపోయాడు, భుజం దిగిపోయింది. బయటికి ఒకటి, రెండు, మూడు. నాలుగోది కూడా బయటికే. అంపైరు మొదటి బేసు వైపు చెయ్యి చూపించాడు. మూడో బేసువాడు తలాడించుకుంటూ, షికారుకి బయల్దేరినట్టు, ఇంటి పలక వైపు నడుస్తున్నాడు.

నా కాలి దగ్గర ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉంది. బొటనవేలితో దాని స్విచ్చి నొక్కాను.

తెర నల్లబడిపోయింది.

"అరె, కరెంటు పోయిందే!" అన్నాను.

బాబాయ్ తల ఎత్తి పైకి చూశాడు. ఆయన ఎటు చూస్తున్నాడా అని నేనూ చూశాను. ఫ్యాను తిరుగుతోంది. ఆయన తువ్వాలు అంచు ఆ గాలికి కదులుతోంది కూడా. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. ఆయన చూశాడు. చూసి, మళ్ళీ ఫ్యాను వైపు చూడకుండా, గదిలో అందరికీ వినపడేలా అన్నాడు.

"అవునండీ. కరెంటు పోయింది."

రిమోటు రెండు చేతులతో బల్లమీద పెట్టాడు. మొదట్నుంచీ ఆడదామా అని నేను అడిగాను. "బస్సు టైమైందండీ" అని వెళ్ళి చెప్పులు వేసుకున్నాడు. రఫీ నన్ను ఏడిపించకుండా కిందకి దిగిపోవడం నేను చూసింది ఆ ఒక్కరోజే.

మూడో బేసువాడి కాలు పలక మీద పడలేదు కదా, పడకముందే ఆట ఆగింది కదా అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అంపైరు చెయ్యి చూపించాక వాణ్ణి ఔట్ చెయ్యడం ఎవరి వల్లా కాదు, నడిచి రావడమే తరువాయి, పరుగు వచ్చినట్టే. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు.

అక్కడితో వదిలినా సరిపోయేది. విజయవాడ నుంచి వచ్చే ఒక చిన్న వారపత్రికలో నేను అప్పట్లో గేముల గురించి రాసేవాణ్ణి. ఆ నెలలో రెండు బేస్‌బాల్ ఆటల్నీ పోలుస్తూ రాశాను. పిచ్చరు భుజం సంగతి రాశాను, నేనే కనిపెట్టినట్టు. ఎర్ర ఆటే గొప్పదని తేల్చాను, నీలంది కొట్టడం చేతకానివాళ్ళ ఆట అన్నాను. దానికి నిదర్శనంగా, పేరు చెప్పకుండా, బ్యాటు ఊపని పెద్దమనిషిని పెట్టాను. కరెంటు పోయి ఆయన పరువు దక్కిందన్నాను. జనం నవ్వుకున్నారని ఉత్తరాలొచ్చాయి.

అది అచ్చయిన శనివారం ఆయన రాడనుకున్నాను. వచ్చాడు. తేగల కట్ట బల్లమీద పెట్టాడు. జేబులోంచి మడత పెట్టిన పత్రిక తీశాడు.

"భుజం సంగతి బాగా రాశారండీ" అన్నాడు.

ఎత్తిపొడుస్తున్నాడేమోనని ఆయన మొహంలోకి చూశాను. అలాంటిదేమీ లేదు. తను చూసిన ఒక సంగతి అచ్చులో కనబడిందన్న సంతోషం తప్ప ఇంకేమీ లేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "ఇవాళ ఏది పెడతారండీ, ఎర్రదా నీలందా?"

ఆ తర్వాత రెండేళ్ళు వచ్చాడు. నేను మళ్ళీ ఆయనతో ఫైనల్ ఆడలేదు, ఏదో పని చెప్పి తప్పించుకునేవాణ్ణి. చేతుల్లోకి ఫోన్లొచ్చాయి, పార్లర్ మూసేశాను. ఆఖరి శనివారం ఆయన నీలం డిస్కు అడిగి తీసుకుని, అట్టమీది మనిషిని కాసేపు చూసి, తిరిగి ఇచ్చేశాడు. "నాకు ఇంటిదగ్గర పెట్టె లేదు కదండీ" అన్నాడు. ఉంచుకో బాబాయ్ అనాలని నాకు తోచలేదు.

మొన్న ఆదివారం అవనిగడ్డ వెళ్ళాను. ఇప్పుడు ఆవిడ ఊళ్ళో చిన్న ఇంట్లో ఉంటోంది. గుమ్మం బయట చెప్పులు విప్పాను. మజ్జిగ ఇచ్చింది. గ్లాసు కింద పెట్టకుండానే చెప్పేశాను, పెడితే మళ్ళీ వెనకాడతానని.

"ఆ రోజు కరెంటు పోలేదండీ. నేనే ఆపాను. ఆట ఆయన గెలిచారు."

ఆవిడ నా వంక చూసింది. "ఎంతకి?"

"ఒకటికి సున్నా."

"ఒకటేనా?" ఆవిడకి నవ్వాగలేదు. కొంగు అడ్డం పెట్టుకుంది. "ఒక్కదాని కోసమా బాబూ ఆపేసింది?"

నేను తల దించుకున్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది, నవ్వుకో దేనికో. "ఆ రోజు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, 'పాపం, ఓనరుగారు పిల్లల ముందు బాగా ఇబ్బంది పడ్డారే' అన్నారు. ఏమైందండీ అంటే కరెంటు పోయిందన్నారు. కరెంటు పోతే మీకు ఇబ్బంది ఎందుకని నేను ఇన్నాళ్ళూ అనుకుంటూనే ఉన్నాను."

నా చేతిలో గ్లాసు అందుకుంటూ మళ్ళీ తనే అంది. "పేపర్లో రాసింది పేపర్లోనే దిద్దండి."

"ఆ పత్రిక మూతపడిందండీ."

"అయితే ఇంకో దాంట్లో రాయండి. ఆ కవర్లో పెడతాను."

"పాతది తీసేస్తారా?"

"తియ్యడమెందుకు? ఆయన దాచుకున్నది కదా. దాని పైన ఇది పెడతాను."

అమ్మగారూ, ఇది ఆ కవరు కోసం. రెండు ఆటల్లో నీలందే మంచిది. పిచ్చరు భుజం దిగడం చూసింది మీ ఆయన. నాకు ముందుగా చెప్పింది కూడా ఆయనే. నాలుగో బంతి బయటికి పోయింది, ఆయన వదిలేశారు. అంపైరు చెయ్యి చూపించాడు. మూడో బేసువాడు తాపీగా నడిచొచ్చి ఇంటి పలక తొక్కాడు. ఆయన ఒకటి, నేను సున్నా. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.